ఎంటర్‌టైన్‌మెంట్ టునైట్: కార్యక్రమం చరిత్ర, యాంకర్లు - తరచుగా అడిగే ప్రశ్నలు

అమెరికా టీవీలో 1981 సెప్టెంబరు 14న మొదలైన ఎంటర్‌టైన్‌మెంట్ టునైట్ అనే వినోద వార్తల కార్యక్రమం నలభై ఏళ్లు దాటినా ఆగలేదు. పిల్లల దగ్గరికని అమెరికా వెళ్లి ఆరు నెలలు ఉండివచ్చిన మన పెద్దవాళ్లలో చాలామందికి దాని పేరు గుర్తుండకపోవచ్చు గానీ, సాయంత్రం వార్తలు అయ్యాక వచ్చే ఆ ట్యూన్ మాత్రం గుర్తుంటుంది. నాకూ అలాగే పరిచయం. హాల్లో టీవీ మోగుతుంటే వంటింట్లోంచి వింటూ ఉండేదాన్ని. దాని వెనక కథ ఏమిటా అని చదువుతూ పోయేసరికి, ఉత్త సినిమా కబుర్లు అనుకున్న కార్యక్రమం అమెరికా టీవీ వ్యాపారంలో ఎంత మార్పు తెచ్చిందో అర్థమైంది. నన్ను నలుగురూ అడిగినవి, నాకే వచ్చిన సందేహాలు అన్నీ ఇక్కడ ఒకచోట పెట్టాను.

దీన్ని ఈటీ అంటారు కదా, మన ఈటీవీకి దీనికి ఏమైనా సంబంధం ఉందా?

లేదు. మన ఈటీవీ అంటే ఈనాడు టెలివిజన్, 1995లో మొదలైంది. ఇక్కడ ఈటీ అన్నది కార్యక్రమం పేరులోని రెండు మాటల మొదటి అక్షరాలు కలిపి పిలుచుకునే ముద్దుపేరు. గ్రహాంతరవాసి కథతో స్పీల్‌బర్గ్ తీసిన సినిమాతో కూడా సంబంధం లేదు. ఆ సినిమా 1982లో వచ్చింది, అప్పటికే ఈ కార్యక్రమం నడుస్తోంది.

ఇది ఏ చానల్లో వస్తుంది? ఊరు మారితే చానల్ కూడా మారుతుందేమిటి?

అమెరికా వెళ్లిన కొత్తలో అందరూ తికమకపడే విషయం ఇదే. అక్కడ ప్రతి పెద్ద ఊరికీ సొంత టీవీ స్టేషన్లు ఉంటాయి. అవి సీబీఎస్, ఎన్‌బీసీ, ఏబీసీ లాంటి నెట్‌వర్క్‌లకు అనుబంధంగా పనిచేసినా, రోజంతా నెట్‌వర్క్ పంపిందే వేయవు. రోజులో కొన్ని గంటలు పూర్తిగా వాళ్ల చేతిలో ఉంటాయి. ఆ గంటల కోసం బయట తయారైన కార్యక్రమాలు కొనుక్కుంటారు. ఇలా ఏ నెట్‌వర్క్‌తోనూ పని లేకుండా స్టేషన్లకు విడివిడిగా అమ్మే పద్ధతిని సిండికేషన్ అంటారు.

ఈటీ మొదటి రోజు నుంచీ సిండికేషన్ కార్యక్రమమే. అందుకే ఒక ఊళ్లో సీబీఎస్ స్టేషన్‌లో 7 గంటలకు వస్తే, ఇంకో ఊళ్లో వేరే నెట్‌వర్క్ స్టేషన్‌లో 7:30కి రావచ్చు. సిండికేషన్‌లో డబ్బు లెక్క కూడా తమాషాగా ఉంటుంది. స్టేషన్ కొంత నగదు ఇవ్వొచ్చు, లేదా కార్యక్రమం మధ్యలో వచ్చే ప్రకటనల సమయంలో కొంత భాగం తయారీదారుకే వదిలేయొచ్చు. ఆ సమయాన్ని తయారీదారు దేశమంతటికీ కలిపి పెద్ద కంపెనీలకు అమ్ముకుంటాడు. దేశంలో ఎన్ని ఎక్కువ ఊళ్లలో కార్యక్రమం వస్తే ఆ సమయానికి అంత ధర పలుకుతుంది.

ఇది మొదట ఎవరికి వచ్చిన ఆలోచన?

ఆల్‌ఫ్రెడ్ మసీనీ అనే ఆయనకు. ఆయన నటుడూ కాదు, విలేకరీ కాదు. టెలిరెప్ అనే సంస్థ నడిపేవారు. స్థానిక స్టేషన్ల తరఫున పెద్ద పెద్ద కంపెనీలకు ప్రకటనల సమయం అమ్మిపెట్టడం దాని పని. రోజూ వందల స్టేషన్లతో మాట్లాడే మనిషి కాబట్టి ఏ స్టేషన్‌కు ఏ అరగంట బరువుగా ఉందో, ఎక్కడ ప్రకటనలు అమ్ముడుపోవడం లేదో ఆయనకు అరచేతిలో గీతల్లా తెలుసు.

ఆ రోజుల్లో అందరికీ బరువైన అరగంట ఒకటుంది. అమెరికా ప్రభుత్వ సంస్థ ఫెడరల్ కమ్యూనికేషన్స్ కమిషన్ 1970లో ఒక నిబంధన తెచ్చింది. దాని పేరు ప్రైమ్ టైమ్ యాక్సెస్ రూల్. దేశంలోని మొదటి 50 పెద్ద టీవీ మార్కెట్లలో, అంటే పెద్ద ఊళ్ల ప్రాంతాల్లో, రాత్రి జనం ఎక్కువగా చూసే సమయంలో నెట్‌వర్క్‌లు 3 గంటలకు మించి వాడుకోకూడదు, మిగిలింది స్థానిక స్టేషన్లకు వదలాలి. స్థానిక కార్యక్రమాలు పెరుగుతాయని వాళ్ల ఆశ. తీరా చూస్తే సొంతంగా తయారు చేసుకునే స్తోమత చాలా స్టేషన్లకు లేదు. అందుకని ఆ ఖాళీని చవకలో వచ్చే గేమ్ షోలతో నింపుకునేవారు. 1971లో అమల్లోకి వచ్చిన ఆ నిబంధనను 1996లో తీసేశారు. ఈలోగా ఈటీ ఆ అరగంటలో స్థిరపడిపోయింది.

సినిమా, టీవీ, సంగీతం మీద రోజువారీ వార్తల కార్యక్రమం ఆ చోటులో ఎందుకు పెట్టకూడదన్నదే మసీనీ ఆలోచన. పారమౌంట్ స్టూడియో టీవీ విభాగం తయారీకి ముందుకొచ్చింది. తొలిరోజుల్లో వార్తల బాధ్యత చూడటానికి జిమ్ బెలోస్ అనే పేరున్న పత్రికా సంపాదకుణ్ణి తెచ్చుకున్నారు. అంటే వాళ్లు దీన్ని మొదటినుంచీ పత్రికలాగే నడపాలనుకున్నారు. సాలిడ్ గోల్డ్, స్టార్ సెర్చ్, లైఫ్‌స్టైల్స్ ఆఫ్ ది రిచ్ అండ్ ఫేమస్ కూడా మసీనీ ఆలోచనలే. ఆయన 2010లో చనిపోయారు.

అంతకు ముందు సినిమా కబుర్లు ఎక్కడ దొరికేవి?

పత్రికల్లో. లూయెల్లా పార్సన్స్, హెడ్డా హాపర్ రాసే కాలమ్‌లకు ఒకప్పుడు హాలీవుడ్ అంతా హడలిపోయేది. టీవీలో రోనా బ్యారెట్ 1970ల్లో పేరు తెచ్చుకున్నారు. ఆమె పొద్దుటి కార్యక్రమంలో వచ్చి కొద్ది నిమిషాలు మాట్లాడేవారు. రోజూ అరగంట, అదీ కేవలం వినోదరంగం వార్తలే, దేశమంతటా ఒకే రోజు చూపించడం అంతకు ముందు లేదు.

శాటిలైట్ గురించి అందరూ గొప్పగా చెబుతారు. అందులో అంత విశేషం ఏముంది?

నన్ను అడిగితే ఈ కార్యక్రమం చరిత్రలో అన్నిటికన్నా ముఖ్యమైన ముక్క ఇదే. యాంకర్ల పేర్లు అందరూ చెబుతారు గానీ దీని గురించి మాట్లాడేవాళ్లు తక్కువ.

అప్పట్లో సిండికేషన్ కార్యక్రమం అంటే టేపులు. తయారైన టేపును పెట్టెలో పెట్టి ఒక స్టేషన్‌కు పంపేవారు. వాళ్లు వేసుకున్నాక దాన్ని మళ్లీ ప్యాక్ చేసి తర్వాతి ఊరికి పంపాలి. అది అక్కడ అయ్యాక ఇంకో ఊరు. టేపులను సైకిల్ చేయడం అనేవారు ఆ పద్ధతిని. ఒకే ఎపిసోడ్ ఒక ఊళ్లో ఈ వారం వస్తే, మరో ఊళ్లో పది రోజులకో మూడు వారాలకో వచ్చేది. గేమ్ షోకి అది పెద్ద ఇబ్బంది కాదు. వంట కార్యక్రమానికీ కాదు. కానీ నిన్న రాత్రి ఎవరికి అవార్డు వచ్చిందో మూడు వారాల తర్వాత చెబితే ఎవరు కూర్చుని చూస్తారు?

ఈటీని ఏ రోజుకారోజు శాటిలైట్ ద్వారా స్టేషన్లకు పంపారు. రోజువారీ సిండికేషన్ కార్యక్రమం ఇలా వెళ్లడం అదే మొదటిసారి. ఇందుకోసం స్టేషన్ల దగ్గర డిష్‌లు ఉండాలి, సమయానికి రికార్డు చేసుకునే మనుషులు ఉండాలి. 1981 నాటికి అదేమీ మామూలు విషయం కాదు.

గడియారం లెక్క వేసి చూడండి, వాళ్ల టెన్షన్ అర్థమవుతుంది. కార్యక్రమం తయారయ్యేది లాస్ ఏంజెలెస్‌లో. అక్కడికీ న్యూయార్క్‌కీ 3 గంటల తేడా. న్యూయార్క్‌లో సాయంత్రం 7 అయ్యేసరికి లాస్ ఏంజెలెస్‌లో మధ్యాహ్నం 4. అంటే రాత్రి కార్యక్రమమే అయినా మధ్యాహ్నానికల్లా అంతా పూర్తి చేసి పైకి పంపేయాలి. హాలీవుడ్‌లో ఆ సాయంత్రం ఏదైనా పెద్ద కబురు పుడితే అప్పటికే తూర్పు తీరం ఎపిసోడ్ వెళ్లిపోయి ఉంటుంది. పొద్దున్నే మొదలుపెట్టి, మధ్యాహ్నం లోపల రాసి, కోసి, అతికి, చదివి పంపడం ఏళ్ల తరబడి వాళ్లకు రోజూ పరీక్షే. పేరులో టునైట్ అనే మాట పెట్టుకున్నందుకు ఆ మాట నిలబెట్టుకోవడం శాటిలైట్ వల్లే కుదిరింది.

మొట్టమొదటి యాంకర్లు ఎవరు?

ముగ్గురు. టామ్ హాలిక్, మార్జరీ వాలెస్, రాన్ హెండ్రెన్. హాలిక్ నటుడు, పగటిపూట వచ్చే ది యంగ్ అండ్ ది రెస్ట్‌లెస్ సీరియల్‌లో తొలి తారాగణంలో ఒకరు. వాలెస్ 1973 మిస్ వరల్డ్, ఆ కిరీటం గెలిచిన మొదటి అమెరికన్. హెండ్రెన్ టీవీ విమర్శకుడు.

కొద్ది వారాలకే కూర్పు మారిపోయింది. 1981 అక్టోబరులో వాలెస్ స్థానంలో డిక్సీ వాట్లీ వచ్చారు. హాలిక్ కూడా ఎక్కువకాలం లేరు. ఇలాంటి కార్యక్రమం ఎవరూ అంతకు ముందు చేయలేదు కాబట్టి, యాంకర్ అంటే ఎలా ఉండాలో వాళ్లకూ తెలియదు. నటుడిలా నవ్వాలా, విలేకరిలా చదవాలా, విమర్శకుడిలా మాట్లాడాలా? మూడూ ప్రయత్నించినట్టే ఉంది ఆ మొదటి ముగ్గురి ఎంపిక చూస్తే.

మేరీ హార్ట్ ఎలా వచ్చారు? అందరూ ఆమె పేరే ఎందుకు చెబుతారు?

ఆమె వచ్చిన తీరు ఒక చిన్న కథ. సౌత్ డకోటా రాష్ట్రంలో పుట్టారు, 1970లో మిస్ సౌత్ డకోటా. కొన్నాళ్లు హైస్కూల్లో ఇంగ్లీషు టీచరుగా పనిచేసి టీవీలోకి వచ్చారు. 1981లో రీజిస్ ఫిల్బిన్ అనే టీవీ యాంకర్ కార్యక్రమంలో ఆయనతో పాటు యాంకర్. ఎన్‌బీసీ ఆ కార్యక్రమాన్ని కొద్ది నెలలకే ఆపేసింది. షో రద్దయితే ఎలా ఉంటుందో చెప్పమని ఈటీవాళ్లు ఆమెను ఇంటర్వ్యూ చేశారు. మర్నాడే విలేకరిగా ఉద్యోగం ఇచ్చారు. ఉద్యోగం పోయిన కబురు చెప్పడానికి వచ్చి అక్కడే ఉద్యోగం సంపాదించారన్నమాట.

13 వారాల తర్వాత, 1982లో, హెండ్రెన్ పక్కన యాంకర్‌గా కూర్చున్నారు. డిక్సీ వాట్లీ వారాంతపు ఎడిషన్‌కు మారారు. అప్పటి నుంచి 2011 మే 20 దాకా, దాదాపు 29 ఏళ్లు, మేరీ హార్ట్ ఆ కుర్చీ వదలలేదు. పక్కన మగ యాంకర్లు మారుతూ వచ్చారు: హెండ్రెన్, రాబ్ వెల్లర్, జాన్ టెష్, బాబ్ గోయెన్, మార్క్ స్టైన్స్. ఆమె మాత్రం అలాగే ఉన్నారు.

ఆమెలో ఏముందని చాలామంది అడుగుతారు. పాత క్లిప్పులు వరసగా చూస్తే నాకు కనిపించింది ఇదీ: ఆమె గొంతులో తొందర ఉంటుంది గానీ కంగారు ఉండదు. ఒక సినిమా విడుదల గురించి చెప్పి, వెంటనే ఒక నటుడి మరణవార్త చెప్పాల్సి వస్తే, ఆ రెండు వాక్యాల మధ్య ముఖం మార్చుకోవడానికి ఆమెకు అర సెకను చాలు. చూసేవాళ్లకు ఆ మార్పు నాటకంలా అనిపించదు. రోజూ ఇంటికి వచ్చి కబుర్లు చెప్పే పక్కింటావిడలా అలవాటైపోయారు. ఆమె లాస్ ఏంజెలెస్ డాడ్జర్స్ బేస్‌బాల్ జట్టుకు వీరాభిమాని. మ్యాచ్‌లు టీవీలో వస్తుంటే హోమ్ ప్లేట్ (బ్యాటింగ్ చేసే చోటు) వెనక సీట్లలో ఆమె కనిపించడం కూడా అక్కడివాళ్లకు మామూలైపోయింది.

ఆమె గొంతు వింటే ఒకావిడకు మూర్ఛ వచ్చేదట, నిజమేనా?

నిజమే, పుకారు కాదు. 1991లో న్యూ ఇంగ్లండ్ జర్నల్ ఆఫ్ మెడిసిన్ అనే ప్రఖ్యాత వైద్య పత్రికలో ఈ కేసు వచ్చింది. టీవీలో మేరీ హార్ట్ గొంతు వినపడగానే ఒక మహిళకు కడుపులో వికారం, తలలో ఒత్తిడి, అయోమయం కలిగేవి. డాక్టర్లు పరీక్ష చేస్తే అది మూర్ఛలో ఒక అరుదైన రకమని తేలింది. కొందరికి మెరిసే లైట్లు చూస్తే మూర్ఛ వచ్చినట్టే, చాలా అరుదుగా ఒక ప్రత్యేకమైన శబ్దం కూడా కారణం కావచ్చు. ఇందులో యాంకర్ తప్పు గానీ, ఆమె గొంతులో లోపం గానీ ఏమీ లేవు. 1992లో సైన్‌ఫెల్డ్ అనే కామెడీ సీరియల్ ఈ సంగతిని ఒక ఎపిసోడ్‌లో వాడుకోవడంతో ఊరూవాడా తెలిసిపోయింది. నవ్వుకునే విషయంలా ప్రచారమైంది గానీ, ఆ జబ్బుతో బాధపడిన మనిషి ఒకరున్నారని మరచిపోకూడదు.

ఆమె కాళ్లకు బీమా చేయించిన మాట?

లాయిడ్స్ ఆఫ్ లండన్‌లో ఒక్కో కాలికి 10 లక్షల డాలర్ల బీమా అని అప్పట్లో వార్తలు బాగా వచ్చాయి. ఆమె గురించి ఎవరు రాసినా ఈ మాట వదలరు. 29 ఏళ్ల పని పక్కన ఇది చాలా చిన్న సంగతి.

రాబ్ వెల్లర్ పేరు స్టేడియంలో జనం చేసే అలతో కలిపి వినిపిస్తుందేమిటి?

వెల్లర్ 1984 నుంచి 1986 దాకా మేరీ హార్ట్ పక్కన ఉన్నారు. అంతకు ముందు, 1981 అక్టోబరు 31న, తాను చదువుకున్న వాషింగ్టన్ యూనివర్సిటీ స్టేడియంలో ఫుట్‌బాల్ మ్యాచ్‌కు వచ్చిన జనం చేత ఒకరి తర్వాత ఒకరు లేచి కూర్చునే అల చేయించారు. అదే మొదటిదని ఆ యూనివర్సిటీవాళ్లు అంటారు. అదే నెలలో అంతకు ముందే కాలిఫోర్నియాలో క్రేజీ జార్జ్ అనే చీర్‌లీడర్ చేయించాడని మరో వాదన ఉంది. ఆ తగువు తేలేది కాదు.

జాన్ టెష్ అంత బాగా నడుస్తున్న ఉద్యోగం ఎందుకు వదిలేశారు?

సంగీతం కోసం. 1986 నుంచి 1996 దాకా పదేళ్లు మేరీ హార్ట్ పక్కన ఉన్న యాంకర్ ఆయన. పొడగరి, పియానో వాయిస్తారు. ఈటీకి ముందు సీబీఎస్‌లో క్రీడా విలేకరి.

ఆయన కథలో నాకు బాగా ఇష్టమైన ఘట్టం ఒకటుంది. టూర్ డి ఫ్రాన్స్ సైకిల్ పందెం కోసం యూరప్‌లో ఉన్నప్పుడు, అర్ధరాత్రి నిద్రలోంచి లేచేసరికి బుర్రలో ఒక ట్యూన్ తిరుగుతోంది. దగ్గర పియానో లేదు, రికార్డర్ లేదు. పొద్దున్నకి మరచిపోతే ఎలా? అమెరికాలో తన ఇంటికే ఫోన్ చేసి, ఆన్సరింగ్ మెషీన్‌లోకి ఆ ట్యూన్ నోటితో పాడి పెట్టేశారు. తిరిగి వెళ్లాక అదే టేపు విని పూర్తి చేశారు. రౌండ్‌బాల్ రాక్ అనే ఆ సంగీతాన్ని ఎన్‌బీసీ తన ఎన్‌బీఏ బాస్కెట్‌బాల్ ప్రసారాలకు 1990 నుంచి 2002 దాకా వాడింది. 2025లో ఎన్‌బీఏ మళ్లీ ఎన్‌బీసీకి వచ్చినప్పుడు ఆ ట్యూన్ కూడా తిరిగి వచ్చింది. ఆ మెషీన్‌లో రికార్డయిన పాటను టెష్ తర్వాత కచేరీల్లో కూడా వినిపించేవారు.

కొలరాడోలోని రెడ్ రాక్స్ కొండల మధ్య ఆయన చేసిన కచేరీ 1995లో పబ్లిక్ టీవీలో బాగా ఆదరణ పొందింది. మరుసటేడాదే ఈటీ వదిలేశారు. ఆ లోపల, 1993లో, ఈటీ వారాంతపు యాంకర్ లీజా గిబ్బన్స్‌తో కలిసి ఎన్‌బీసీలో పగటిపూట ఒక టాక్ షో కూడా చేశారు. ఆయన తప్పుకున్నాక అది లీజా పేరుతో 2000 దాకా నడిచింది.

లియోనార్డ్ మాల్టిన్ అక్కడ ఏం చేసేవారు?

సినిమా విమర్శ. 1982లో చేరి 2010 దాకా ఉన్నారు. ప్రతి ఏటా కొత్తగా అచ్చయ్యే ఆయన లావుపాటి సినిమా గైడు ఒకప్పుడు అమెరికాలో చాలా ఇళ్లలో టీవీ పక్కనే ఉండేది. మెరుపుల అరగంటలో ఆయన ఉండటం కార్యక్రమానికి ఒక బరువునిచ్చింది. పాత సినిమాల గురించి, మరచిపోయిన నటుల గురించి ప్రేమగా మాట్లాడే మనిషి అలాంటి చోట అన్నేళ్లు ఉండగలగడం నాకు ఇప్పటికీ సంతోషంగా అనిపిస్తుంది.

బాక్సాఫీసు లెక్కలు మామూలు జనానికి ఈటీ వల్లే అలవాటయ్యాయా?

పూర్తిగా ఈటీ వల్లే అనలేం గానీ దాని పాత్ర పెద్దదే. ఏ సినిమాకు ఎంత వసూలైందన్న లెక్కలు అంతకు ముందు వెరైటీ లాంటి పరిశ్రమ పత్రికల్లో, పరిశ్రమవాళ్ల కోసం వచ్చేవి. ఈటీ వాటిని ప్రేక్షకులకు చెప్పడం మొదలుపెట్టింది. 1982లో మొదలైన యూఎస్ఏ టుడే పత్రిక కూడా అదే బాట పట్టింది. దాంతో సోమవారం వచ్చేసరికి ఏ సినిమా మొదటి స్థానంలో ఉందన్నది ఆఫీసుల్లో మాట్లాడుకునే విషయమైపోయింది. సినిమా బాగుందా అని అడిగే చోట ఎంత వసూలు చేసింది అని అడగడం మొదలైంది. ఈ అలవాటు సినిమాకు మేలు చేసిందని నేను అనుకోను.

ఒక ఎపిసోడ్ ఎలా సాగుతుంది?

ముందు ఆ ట్యూన్, మైఖేల్ మార్క్ కట్టిన సంగీతం. దాని మీదే ఆ రాత్రి ముఖ్యాంశాలు గబగబా వచ్చిపోతాయి. ఒక్కో అంశానికి రెండు మూడు సెకన్ల బొమ్మ, ఒక ముఖం, ఒక కన్నీటిచుక్క, ఒక ఎర్ర తివాచీ. యాంకర్లిద్దరూ నిలబడి పలకరిస్తారు. తర్వాత ఒకటిన్నర, రెండు నిమిషాల ముక్కలు వరసగా వస్తాయి. అరగంట అన్నమాటే గానీ ప్రకటనలు తీసేస్తే అసలు సమయం ఇరవై నిమిషాలకు కాస్త ఎక్కువ.

ప్రతి విరామానికి ముందూ, తర్వాత ఏం రాబోతోందో ఊరిస్తారు. అందరికన్నా పెద్ద కబురు మొదట్లోనే చూపించి, దాని పూర్తి వివరం చివరికి దాచుకోవడం వీళ్లకు వెన్నతో పెట్టిన విద్య. ఒకప్పుడు విరామానికి వెళ్లేముందు ఇవాళ పుట్టినరోజు జరుపుకుంటున్న తార ఎవరో చెప్పుకోండి అని ప్రశ్న వేసేవారు. ప్రకటనలన్నీ అయ్యాక జవాబు. ఆ ఒక్క జవాబు కోసం రిమోట్ ముట్టుకోకుండా కూర్చున్న ఇళ్లు ఎన్నో.

జార్జ్ క్లూనీ ఈటీని బహిష్కరించారని విన్నాను. ఎందుకు?

1996లో. అసలు గొడవ ఈటీతో కాదు. పారమౌంట్ సంస్థే హార్డ్ కాపీ అనే ఇంకో కార్యక్రమం కూడా తయారు చేసేది. దొంగచాటుగా తీసిన వీడియోలు కొని వేయడం దానికి అలవాటు. క్లూనీ, ఆయన స్నేహితురాలు ఉన్న వీడియో అందులో వచ్చింది. తన గురించి అలాంటివి వేయబోమని ముందే మాట ఇచ్చి తప్పారని క్లూనీ కోపం. హార్డ్ కాపీకి ఆయన ఎలాగూ ఇంటర్వ్యూ ఇవ్వరు, కాబట్టి దాన్ని బహిష్కరించి లాభం లేదు. తారల ఇంటర్వ్యూలే ప్రాణమైన ఈటీతో మాట్లాడనని ప్రకటించారు. ఇంకొందరు తారలు ఆయనకు తోడు నిలిచారు. కొద్ది వారాల్లోనే హార్డ్ కాపీలో అలాంటి వీడియోలు మానుకుంటామని పారమౌంట్ దిగివచ్చింది. హార్డ్ కాపీ 1999లో ఆగిపోయింది.

ఈ ఒక్క సంఘటనలో ఈటీ బలం, బలహీనత రెండూ కనిపిస్తాయి. తారలు తలుపు తీస్తేనే దానికి బతుకు.

అయితే ఇది వార్తా, ప్రచారమా?

రెండూ కలిసే ఉన్నాయి. సినిమా విడుదలకు ముందు నటులకు జనంలోకి వెళ్లే దారి కావాలి, ఈటీకి రోజూ ముఖాలు కావాలి. ఇద్దరికీ కుదిరిన బేరం ఇది. పైగా తయారుచేసేది ఒక స్టూడియోకి చెందిన సంస్థ. గుచ్చిగుచ్చి అడిగే ఇంటర్వ్యూలు ఇందులో వెతకడం వృథా. కానీ ఒక పెద్ద నటుడు చనిపోయిన రోజున, నలభై ఏళ్లుగా దాచిన సొంత ఇంటర్వ్యూల్లోంచి ఆయన కుర్రతనంలో మాట్లాడిన ముక్క తీసి చూపించగలిగేది కూడా వీళ్లే. రోజూ కెమెరా పట్టుకుని వెళ్లినందుకు మిగిలిన ఆస్తి అది. దాన్ని నేను చిన్నచూపు చూడలేను.

బాబ్ గోయెన్ నుంచి ఇప్పటిదాకా యాంకర్ల వరుస చెప్పగలరా?

టెష్ తర్వాత బాబ్ గోయెన్ 1996 నుంచి 2004 దాకా. ఆయన తర్వాత అప్పటికే విలేకరిగా ఉన్న మార్క్ స్టైన్స్ 2004 నుంచి 2012 దాకా. మేరీ హార్ట్ వెళ్లాక 2011లో నాన్సీ ఓడెల్ వచ్చారు. ఆమె పోటీ కార్యక్రమం యాక్సెస్ హాలీవుడ్‌లో మొదటినుంచీ పనిచేసిన మనిషి. ఈటీలో 2019 దాకా ఉన్నారు. 2013లో సీఎన్ఎన్ నుంచి రాబ్ మార్సియానో వచ్చి మరుసటేడాదే ఏబీసీకి వెళ్లిపోయారు. 2014లో కెవిన్ ఫ్రేజర్ యాంకర్ అయ్యారు. అంతకు ముందు ఈటీలోనే విలేకరిగా చేసి, కొన్నాళ్లు ఈటీ పిల్ల కార్యక్రమం ది ఇన్‌సైడర్‌కు వెళ్లి వచ్చినవారే. 2014లో విలేకరిగా చేరిన నిషెల్ టర్నర్ 2021లో ఆయన పక్కన యాంకర్ అయ్యారు. ఈటీకి యాంకర్ అయిన మొదటి నల్లజాతి మహిళ ఆమె.

దీనికి పోటీ ఎవరు?

1994లో ఎక్స్‌ట్రా, 1996లో యాక్సెస్ హాలీవుడ్ వచ్చాయి. రెండూ ఈటీ అచ్చులోంచి పుట్టినవే. 1990లో ఈ! అనే చానలే వినోద వార్తల మీద మొదలైంది. అసలు దెబ్బ మాత్రం 2007లో టీవీకెక్కిన టీఎంజెడ్ (TMZ) అనే కార్యక్రమం కొట్టింది. వాళ్లు తారల అనుమతి కోసం ఎదురుచూడరు. ఈటీ కూడా 2004లో ది ఇన్‌సైడర్ అని ఒక పిల్ల కార్యక్రమం పెట్టింది, అది 2017లో ముగిసింది. కెనడాలో 2005 నుంచి 2023 దాకా ఈటీ కెనడా నడిచింది. ఆ 18 ఏళ్లూ షెరిల్ హికీయే యాంకర్.

ఇప్పుడు ఇది ఎవరిది?

సీబీఎస్ మీడియా వెంచర్స్ పంపిణీ చేస్తోంది. మొదట పారమౌంట్, తర్వాత 1994లో పారమౌంట్‌ను కొన్న వయాకామ్, ఆపైన సీబీఎస్. సంస్థలు కలవడం, విడిపోవడం మధ్య ఆ సంస్థ పేరు చాలాసార్లు మారింది. 2008లో కార్యక్రమం హెచ్‌డీకి మారింది. 2018లో ఈటీ లైవ్ అనే స్ట్రీమింగ్ సర్వీసు వచ్చింది. 2020లో కోవిడ్ సమయంలో యాంకర్లు ఇళ్ల నుంచే చేశారు. అన్నిటికన్నా ఎక్కువకాలం నడిచిన వినోద వార్తల కార్యక్రమంగా గిన్నిస్ రికార్డు కూడా దీనిదే.

పాత ఎపిసోడ్‌లు చూడాలంటే?

పూర్తి ఎపిసోడ్‌లు దొరకడం కష్టం. ముక్కలు మాత్రం ఈటీ యూట్యూబ్ చానల్లో చాలా ఉన్నాయి, పాత ఇంటర్వ్యూలు వాళ్లే తీసి పెడుతుంటారు. మొదటిసారి చూసేవాళ్లు 1980ల్లో మేరీ హార్ట్ చదివిన ముక్క ఒకటి, 2011లో ఆమె వీడ్కోలు రోజు ముక్క ఒకటి పక్కపక్కన పెట్టుకుని చూడండి. జుట్టు, బట్టలు, వెనక సెట్టు, తెర మీద అక్షరాలు అన్నీ మారిపోయి ఉంటాయి. కళ్లు మూసుకుని వినండి, అదే గొంతు.